కీమో ముందు మొక్కు, ఉపవాసం, స్వామీజీ పొడి: ఇవన్నీ డాక్టరుకు చెప్పాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 58 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్, పదేళ్లుగా షుగర్. వచ్చే వారం కీమో మొదలు. తిరుపతి మొక్కు తీరకుండా కీమోకి రానంటున్నారు. కార్తీక సోమవారాలు ఉపవాసం మానేది లేదంటున్నారు. పిన్నిగారు ఎవరో స్వామీజీ దగ్గర తెచ్చిన పొడిని రోజూ పొద్దున్నే తేనెలో కలిపి అమ్మగారి చేత నాకిస్తున్నారు. మొదటిసారి ఓపీలో డాక్టరుగారు అమ్మగారి చేతికున్న తాడు చూసి విసుక్కున్నారని, ఇక ఆయన దగ్గర ఇవేవీ ఎత్తకూడదని ఇంట్లో అందరూ అనేసుకున్నారు. "చెబితే తిడతారు, చెప్పకపోతే ఏమవుతుందో అని టెన్షన్‌గా ఉంది" అన్నారు.

చెప్పండి. అన్నీ చెప్పండి. నేను 24 ఏళ్లుగా నర్సుని. మొదట సర్జికల్ వార్డు, తర్వాత ఐసీయూ, ఇప్పుడు పదకొండేళ్లుగా క్యాన్సర్ రోగుల పాలియేటివ్ కేర్‌లో, అంటే నొప్పీ బాధా తగ్గించే సేవలో, ఉన్నాను. భక్తి వల్ల పాడైన కేసులు చూశాను, లేవనను. అయితే ఆ భక్తిని డాక్టరుకు తెలియకుండా దాచడం వల్ల పాడైనవి అంతకంటే చాలా ఎక్కువ చూశాను.

ముందు ఆ పొడి సంగతి, ఎందుకంటే మీరు రాసినవాటిలో నన్ను భయపెట్టింది అదొక్కటే. కొన్నేళ్ల క్రితం మా వార్డులో ఒకాయనకు రెండు కీమోలు బాగానే జరిగాయి. మూడోదానికి వచ్చేసరికి రక్తపరీక్షలో లివర్ ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి. కీమో వాయిదా వేశారు. పది రోజులాగి మళ్లీ చూస్తే ఇంకా పెరిగాయి. మళ్లీ వాయిదా. కామెర్ల వైరస్ పరీక్షలు చేశారు, స్కాన్ తీశారు, క్యాన్సర్ లివర్‌కి పాకిందేమోనని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. నాలుగో వారంలో నేను బీపీ చూస్తుంటే ఆయన భార్య క్యారియర్ సంచిలోంచి న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి తీసి, "సిస్టర్, ఇదేమైనా చేసుంటుందా?" అని నెమ్మదిగా అడిగింది. బూడిద రంగు పొడి. పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు. ఆపించాం, కొన్ని వారాల్లో ఎంజైములు దిగాయి. కానీ కీమో దాదాపు రెండు నెలలు వెనక్కి పోయింది. ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చింది, మీ పిన్నిగారిలాగే. అందుకని పిన్నిగారి మీద అరవకండి. పొట్లం మాత్రం ఈరోజే ఆపించి, పారేయకుండా ఓపీకి పట్టుకెళ్లి చూపించండి. అలాంటి పొడుల్లో కొన్నిట్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, కొన్నిట్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపేవాళ్లూ ఉన్నారు. స్టెరాయిడ్ ఉంటే మొదటి వారం ఆకలి పెరుగుతుంది, నొప్పి తగ్గినట్టుంటుంది, "చూశారా స్వామి మహిమ" అంటారు. అదే సమయంలో షుగర్ ఎక్కడికో వెళ్లిపోతుంది.

నా మట్టుకు నేను ఒక లెక్క పెట్టుకున్నాను. ఒంటి మీద ఉండేది వేరు, ఒంట్లోకి పోయేది వేరు. ఒంటి మీద ఉండేదానికి దాదాపు ఎప్పుడూ ఏదో ఒక దారి దొరుకుతుంది. తాడు, తాయెత్తు, రుద్రాక్ష, శిలువ ఏదైనా సరే. సెలైన్ సూది గుచ్చే చేతికి ఉంటే రెండో చేతికి మార్చుకోవచ్చు. అమ్మగారికి తర్వాత ఆపరేషన్ కూడా ఉంటుందంటే, ఆ పొద్దున మంగళసూత్రం తీయమన్నప్పుడు పెద్ద గొడవవుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. ఆపరేషన్లో రక్తం ఆపడానికి వాడే, కరెంటుతో పనిచేసే కాటరీ మిషన్ వల్ల బంగారం ఉన్నచోట చర్మం కాలే ప్రమాదం ఉంది కాబట్టే తీయమంటారు. మా దగ్గర ఆడవాళ్లు పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి తెచ్చుకుంటారు. సూత్రాలు నాన్నగారి జేబులోకి పోతాయి, పసుపు తాడు చేతికో కాలికో ఉంటుంది. థియేటర్ సిస్టర్‌కి ముందురోజే చెబితే ఎవరూ కాదనరు. విభూతి, కుంకుమ ఐసీయూలో నుదుటిమీద చల్లడానికి ఒప్పుకోరు, ఆ పొడి గొట్టాల దగ్గర పడుతుంది. చిన్న జిప్ కవర్లో పెట్టి దిండు కింద ఉంచమంటే ఉంచుతారు. నిప్పు మాత్రం ఎక్కడా కుదరదు. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర అగరుబత్తి వెలిగించబోయిన చేతిని నేను పట్టుకుని ఆపాను. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్నవాళ్లు కూడా దీపం, హారతి వేరే గదిలోనే ఇచ్చుకోవాలి.

ఇక తిరుపతి. ఇందులో నేను అమ్మగారి పక్షమే. మొక్కు తలనీలాలే అయితే కీమో మొదలుకాకముందే వెళ్లిరావడం అన్నిటికంటే మంచిది. రొమ్ము క్యాన్సర్‌కి సాధారణంగా ఇచ్చే డోక్సోరుబిసిన్ (ఎర్రగా ఉంటుంది), పాక్లిటాక్సెల్ లాంటి మందులతో మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు ఎలాగూ ఊడుతుంది. కీమో ఇచ్చాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో క్యూ కాంప్లెక్సులో వేలమంది మధ్య నిలబడటం, తలమీద కత్తి గాట్లు పడటం రెండూ ప్రమాదమే. అదే ఇప్పుడు, కీమోకి ముందు, కణాలు మామూలుగా ఉన్నప్పుడు వెళ్తే ఆ భయం లేదు. క్యాన్సర్ లాంటి జబ్బులున్నవాళ్లకు టీటీడీలో ప్రత్యేక దర్శనం సదుపాయం ఉంది. ఏ రోజు, ఏ కాగితాలు కావాలి అన్నది బయల్దేరే ముందే కనుక్కుని, డాక్టరు సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. వచ్చే వారం లోపు కుదరకపోతే రెండు మూడు రోజులు కీమో జరపవచ్చా అని డాక్టరునే అడగండి. చాలాసార్లు సరేనంటారు. రెండు మూడు వారాలంటే మాత్రం పట్టుబట్టకండి. ఒకవేళ మొదటి కీమో అయ్యాకే వెళ్లాల్సి వస్తే, తెల్లరక్తకణాల కౌంట్ పరీక్ష చూసుకుని, పూర్తి గుండు బదులు మూడు కత్తెర్లు ఇవ్వమనండి. ఆడవాళ్లు అలా ఇవ్వడం ఉన్నదే.

ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకావిడ కీమోకి రెండు రోజుల ముందు కల్యాణకట్టలో గుండు చేయించుకుని, గంధం రాసుకుని నేరుగా వార్డుకి వచ్చింది. జుట్టు ఊడుతుందని ఏడ్చే పక్క మంచం అమ్మాయితో ఆవిడ అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "ఊడిపోతే జబ్బు లాక్కుపోయినట్టు. నేను ఇచ్చేశాను." ఆరు కీమోల్లో ఒక్కసారి కూడా ఆవిడ అద్దం గురించి మాట్లాడలేదు.

ఉపవాసం దగ్గర మాత్రం అమ్మగారితో కాస్త బేరం పెట్టుకోవాలి. సోమవారం పొద్దుటి నుంచి ఏమీ తినకుండా చుక్క చూసి తినే అలవాటు షుగర్ మాత్రలతో కుదరదు. ఆవిడ మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉందేమో చూడండి. అది వేసుకుని తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. పైగా కీమో రోజున వాంతులు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, దాంతో ఒకటి రెండు రోజులు షుగర్ ఎక్కుతుంది. ఒక రోజు ఎక్కడం, ఒక రోజు పడటం, మధ్యలో వాంతులు, నీళ్లు తాగకపోవడం... కిడ్నీలు ఇంత భరించాలా? మా దగ్గరికి రంజాన్‌లో వచ్చే ముస్లిం రోగులకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఖురాన్‌లోనే రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఉంది. తర్వాత వేరే రోజుల్లో ఉండొచ్చు, అదీ కుదరనివారు పేదవారికి భోజనం పెట్టొచ్చు. షుగర్ రోగుల రంజాన్ ఉపవాసాల గురించి అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్యతో కలిసి తయారైన మార్గదర్శకాలు ఉన్నాయి. మతపెద్దల అభిప్రాయం కూడా తీసుకుని రాసినవి అవి. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం వెంటనే విరమించాలి, వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే ఉపవాసం చెడదు అని వాటిలో ఉంది. కార్తీక ఉపవాసానికీ నేను ఆ లెక్కే చెబుతాను, అదీ కీమో లేని వారంలో, పాలు, పండు తీసుకుంటూ, మాత్రల టైము డాక్టరు మార్చి రాసిచ్చాకే. కీమో ఇచ్చిన వారంలో అసలు వద్దు.

ఈ మాట మీరు చెబితే ఆవిడ వినరు. కొడుకు చెబితే "నీకేం తెలుసురా" అంటారు. మీ వీధి గుళ్లో ఆవిడ రోజూ మాట్లాడే పూజారిగారిని కలిసి, ఆయన చేత చెప్పించండి. రోగంతో ఉన్నవాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదని, ఆ రోజు ఒక దీపం పెట్టుకుంటే చాలని చెప్పని పూజారి నాకు ఇంతవరకు తగల్లేదు. పున్నమి నాడు 365 వత్తులు వెలిగించమనండి, ఇంట్లో తులసికోట దగ్గర. తెల్లవారుజామున నదీస్నానం, కోనేటి స్నానం ఈ ఏడాదికి మానాలి. ఆ నీళ్లలోని క్రిములు మామూలు మనిషిని ఏమీ చేయకపోవచ్చు, కౌంట్ పడిపోయిన మనిషిని ఐసీయూకి చేర్చగలవు. కీమో కోసం చేతికో ఛాతీకో మందు ఎక్కించే గొట్టం (లైన్) పెడితే అది అసలు తడవకూడదు. గుళ్లో అందరికీ ఒకే ఉద్ధరిణితో ఇచ్చే తీర్థాన్ని కౌంట్ తక్కువున్న రోజుల్లో కళ్లకద్దుకుని తలకు రాసుకోమనండి. కార్తీకంలో గుడ్డు ముట్టనంటే బలవంతపెట్టకండి. పప్పు, పెరుగు, పనీర్, వేరుశనగలు, మీల్ మేకర్ గట్టిగా పెడితే ప్రోటీన్ సరిపెట్టవచ్చు. ఒకటి మాత్రం ఫ్రిజ్ మీద రాసి అంటించండి: జ్వరం 100.4 దాటితే రాత్రి రెండైనా సరే, పూజ మధ్యలోనైనా సరే, ఆస్పత్రికి. పొద్దున దాకా ఆగడం లేదు, దిష్టి తీయడం తర్వాత.

ఇప్పుడు డాక్టరుగారి విసుగు గురించి. ఆయన్ని వెనకేసుకు రావడం లేదు, అలా విసుక్కోకూడదు. ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి అది ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక ముసలమ్మకు సెలైన్ పెట్టాలి. రెండు చేతులకూ తాయెత్తులు, నల్లతాళ్లు, చెమటకు నాని ఉన్నాయి. నరం దొరకలేదు. డ్యూటీ హడావిడిలో కత్తెర తీసి రెండు తాళ్లు కత్తిరించి డస్ట్‌బిన్‌లో పడేశాను. ఆవిడ ఏమీ అనలేదు, ఆ చేతివంకే చూసింది. మర్నాటి నుంచి మందు మింగలేదు, నేను వస్తే గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తాళ్లలో ఒకటి చనిపోయిన కొడుకు దర్గా నుంచి తెచ్చి కట్టిందట. కోడలు చెప్పేదాకా నాకు తెలియదు. చెత్త అప్పటికే పోయింది. ఆ తర్వాత నేను ఏ తాడూ అడగకుండా తీయలేదు. తీయాల్సి వస్తే రోగి చేతే విప్పించి, కవర్లో వేసి, పేరు రాసి, దిండు కింద పెడతాను. దానికి ఒక నిమిషం పడుతుంది.

ప్రార్థన వల్ల జబ్బు తగ్గుతుందా అని మీ చివరి ప్రశ్న. అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2006లో వచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్లు రోగి కోసం ప్రార్థిస్తే ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. తమ కోసం కచ్చితంగా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో ఇబ్బందులు కాస్త ఎక్కువే కనిపించాయి: 59 శాతం. తెలియకుండా ప్రార్థన అందినవాళ్లలో 52, అసలు అందనివాళ్లలో 51. నేను రోజూ దేవుడికి దండం పెట్టుకునే మనిషిని, ఈ అంకెలు నన్ను బాధపెట్టలేదు. దేవుణ్ని మందు చీటీలో రాయలేమనే నేను అర్థం చేసుకున్నాను. మందుకు బదులు ప్రార్థన అని ఎవరైనా, స్వామీజీ అయినా, పాస్టరుగారైనా, బాబా అయినా, అంటే అక్కడితో ఆ మాట ఆపేయండి. "మాత్ర మింగితే విశ్వాసం లేనట్టే" అనే మాట విని, గడ్డ గోళీకాయంత ఉన్నప్పుడు ఆగిపోయి, పుండై చీము కారుతుంటే వచ్చిన ఆడవాళ్లకు నేను కట్టు కట్టాను.

రోగి సొంత నమ్మకం వేరే సంగతి. దాన్ని వైద్యం చేసేవాళ్లు పట్టించుకుంటే ఏమవుతుందో కూడా పరిశోధకులు చూశారు. ముదిరిన క్యాన్సర్ రోగుల మీద ట్రేసీ బాల్బొని బృందం అమెరికాలో చేసిన పనిలో, డాక్టర్లు, నర్సులు రోగి ఆధ్యాత్మిక అవసరాలను అడిగి చూసుకున్నచోట చివరి రోజులు ఎక్కువమందికి హాస్పిస్‌లో (చివరి దశ రోగులకు నొప్పి తగ్గించి చూసుకునే సేవ), ప్రశాంతంగా గడిచాయని 2010లో రాశారు. ఆ ఆధ్యాత్మిక అండ కేవలం మత సమాజం నుంచే దొరికి, ఆస్పత్రి నుంచి లేనివాళ్లు చివరి వారంలో ఐసీయూలో గొట్టాల మధ్య గడపడం ఎక్కువని 2013లో రాశారు. నేను వార్డులో చూసేది కూడా ఇదే. దేవుడొక గదిలో, డాక్టరొక గదిలో ఉంటే మధ్యలో నలిగేది రోగి.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్, నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసుది, కుటుంబానిది, ఆత్మది కూడా కలిసి ఒకే నొప్పిగా ఉంటుందని చెప్పేవారు. చదువుకున్నప్పుడు అది పరీక్షలో రాసే మాటగానే తెలుసు. ఒక పెద్దావిడ దగ్గర అర్థమైంది. పగలంతా బాగానే ఉండేది. రాత్రి పదకొండు దాటితే నొప్పి, నొప్పి అని మూలిగేది, మార్ఫిన్ అదనపు డోసులు రాత్రికి మూడు నాలుగు అడిగేది. డోసు పెంచాం, మళ్లీ పెంచాం. ఒక రాత్రి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "రాత్రిళ్లు ఏం ఆలోచిస్తుంటారు పెద్దమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏ పాపం చేశానో నాకు తెలుసు తల్లీ" అంది. ముప్పై ఏళ్ల క్రితం కొడుక్కి అమ్మవారు పోసినప్పుడు పోలేరమ్మకు చీర, కోడి మొక్కుకుంది. పిల్లాడు బతికాడు. మొక్కు తీర్చలేదు. ఆ బాకీకే తనకీ జబ్బని, తను పోతే అది కొడుకు మీద పడుతుందని రోజూ రాత్రి వణికిపోతోంది. ఆ కొడుకు పక్కనే నేలమీద పడుకుని ఉన్నాడు, నలభై ఏళ్ల మనిషి. అతనికి ఈ సంగతే తెలియదు. ఆదివారం ఊరెళ్లి మొక్కు చెల్లించి, అమ్మవారి కుంకుమ తెచ్చి నుదుట పెట్టాడు. మేం మార్ఫిన్ ఆపలేదు, క్యాన్సర్ నొప్పి నిజమైనదే. రాత్రి అదనపు డోసు అడగడం మాత్రం ఒకటికి తగ్గింది, కొన్ని రాత్రులు అదీ లేదు.

అందుకని తమ్ముడూ, అమ్మగారికి తిరుపతి మొక్కు ఎందుకంత పట్టుదలో ఒకసారి కూర్చుని అడిగారా? "కీమో ముందు వెళ్లకపోతే ఏమవుతుందని భయంగా ఉందమ్మా?" అని, అంతే. మధ్యలో మాట అందివ్వకండి.

డాక్టరుగారు ఓపీలో మీకిచ్చేది నాలుగైదు నిమిషాలు. నోటితో మొదలుపెడితే తాడు దగ్గరే ఆగిపోతారు. కాగితం మీద రాసి, లోపలికి వెళ్లకముందే సిస్టర్ చేతికివ్వండి, ఫైలులో పైన పెట్టమనండి. ఇలా రాస్తే చాలు:

"డాక్టరుగారికి నమస్కారం. మా అమ్మగారు ఒక పొడి ఇన్ని రోజులుగా వాడారు, ఫలానా తేదీన ఆపేశాం, పొట్లం తెచ్చాం. దానికోసం లివర్, కిడ్నీ పరీక్షలు అదనంగా ఏమైనా కావాలా? కీమోకి ముందు తిరుమల వెళ్లి తలనీలాలు ఇవ్వాలనుకుంటున్నారు, ఏ తేదీ లోపు రమ్మంటారు? కార్తీక సోమవారాల్లో పాలు, పండ్లతో ఉండాలనుకుంటున్నారు, షుగర్ మాత్రలు ఆ రోజు ఎలా వేసుకోవాలి? చేతి తాడు ఆవిడకు ముఖ్యం. అడ్డమైతే చెప్పండి, ఆవిడే విప్పుకుంటారు."